మూడు వేల లీటర్ల సముద్రం

ఉప్పునీటి తొట్టి కావాలని నా దుకాణానికి ఎవరొచ్చినా నేను మొదట చెప్పే మాట ఒక్కటే: వద్దు. మంచినీళ్ళలో నాలుగు బంగారు చేపలు వేసుకోండి, సుఖంగా ఉంటారు. సముద్రాన్ని తెచ్చి ముందుగదిలో పెట్టుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఉప్పు తగ్గినా చావే, పెరిగినా చావే. కరెంటు పోతే చావు, పక్కగదిలో దోమల మందు కొడితే చావు, రాగి ఉంగరం ఉన్న చెయ్యి ముంచుతూ పోతే పగడాలకి చావు. ఇదంతా విన్నాక కూడా కావాలన్న మొండివాళ్ళకే కడతాను. విశాఖలో పద్దెనిమిదేళ్ళుగా ఇదే నా పని. పేరు పోలిరాజు. నోటి దురుసు ఉందని అందరూ అంటారు. ఉంది.

మా అప్ప సత్యవేణికి మాత్రం వద్దని చెప్పలేకపోయాను. మా జాలరి ఇళ్ళలో అక్కని అప్ప అనే పిలుస్తాం. మా పేటలో పెద్ద చదువు చదివిన మొదటి ఆడపిల్ల ఆమె. సముద్ర జీవుల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్త. ఒక సోమవారం మధ్యాహ్నం దుకాణానికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, మూడు వేల లీటర్ల ఉప్పునీటి తొట్టి ముప్పై రోజుల్లో ఇంట్లో తయారుగా ఉండాలంది.

నేను నవ్వాను. ముప్పై రోజుల్లో తొట్టి అవుతుంది గానీ నీళ్ళు పండవన్నాను. కొత్త నీళ్ళలో ఏ ప్రాణిని వేసినా దాని మలినమే దానికి విషమవుతుంది. ఆ మలినాన్ని తినే సూక్ష్మక్రిములు ముందు పుట్టాలి. ఒక పచ్చి రొయ్యని నీళ్ళలో పడేసి కుళ్ళనిచ్చి, ఆరు వారాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. దాన్నే నేను నీళ్ళు పండడం అంటాను. అప్పకి ఇది తెలియనిది కాదు.

"ఎలా పండిస్తావో పండించు పోలీ," అంది. "లేకపోతే ముత్తెం కాళ్ళు పోతాయి."

ముత్తెం అప్ప కూతురు. బళ్ళో పేరు మౌక్తిక. పదకొండేళ్ళది. పుట్టుకతోనే గాజు ఎముకలు. మంచం దిగబోయి ఒకసారి, చెప్పు తొడుక్కోబోయి ఒకసారి, తుమ్మి ఒకసారి విరగ్గొట్టుకుంది. బావ సరుకు ఓడలో ఇంజనీరు, ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ళ మీదే ఉంటాడు. కాబట్టి విరిగిన ప్రతిసారీ దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది నేనే. మొత్తం పదకొండుసార్లు. ఏ ఎముక ఎప్పుడు విరిగిందో మా అమ్మ కొండమ్మకి కంఠతా వచ్చు.

పదకొండోసారి తర్వాత ముత్తెం విచిత్రంగా కోలుకుంది. రెండు తొడల్లో ఏదో కొత్తరకం ముక్కలు అమర్చారని, డాక్టరమ్మ అప్పకి స్నేహితురాలని మాత్రమే నాకు తెలుసు. ఆ ముక్కలేమిటో ఆ సోమవారం తెలిసింది.

రెండేళ్ళ కిందట ప్రయోగశాలలో ఒక తొట్టి కారుతోందంటే బాగుచేయడానికి వెళ్ళాను. అప్పుడు అప్ప నన్నొక గదిలో బూడిదరంగు పగడం ముందు నిలబెట్టి, దాన్నే చూస్తూ ఉండమని తాను పక్కగదిలోకి వెళ్ళింది. కాసేపటికి ఆ పగడం మీద గడ్డిపరకల్లా ఊగుతున్న నోళ్ళన్నీ ఒక్కసారిగా ముడుచుకుపోయాయి. పక్కగదికి వెళ్ళి చూస్తే, అక్కడ ఇంకో తొట్టిలో ఉన్న ఇంకో ముక్క మీద ఆమె మంచుగడ్డ పట్టుకుని ఉంది. రెండు తొట్లకీ మధ్య గోడ తప్ప గొట్టం లేదు, తీగ లేదు. ముక్కలు చేసినా అది రెండు కాదనీ, ఒకటే ప్రాణి రెండు చోట్ల ఉంటుందనీ చెప్పింది. ఎందుకని అడిగితే, అదే తనకీ అంతుపట్టడం లేదంది. అయితే ఫోన్ల కంపెనీలు మూతపడతాయని నేను హాస్యమాడాను.

ఆ పగడాన్ని మనిషి కణాలతో కలిపి పెంచితే సున్నపురాయికి బదులు ఎముక కడుతుంది. అదీ అప్ప కనిపెట్టింది. ముత్తెం కణాలతో పెంచిన ముక్కలే ముత్తెం తొడల్లో ఉన్నాయి. తల్లి పగడం ప్రయోగశాలలో పెరుగుతున్నంతకాలం పిల్ల ఎముకలూ దాంతోపాటు గట్టిపడుతూ వచ్చాయి. అనుమతులు లేవు. డైరెక్టరుకి తెలియదు. అప్పకి, డాక్టరమ్మకి తప్ప ఎవరికీ తెలియదు.

మేలో ఒక ఆదివారం ప్రయోగశాలలో నీళ్ళు చల్లబరిచే యంత్రం ఆగిపోయి నాలుగో తొట్టిలో ఇంకో తల్లి పగడం ఉడికిపోయింది. దాని ముక్కలు అమర్చిన ఇరవై రెండు ఎలుకలు పైఅంతస్తులో బోనుల్లో ఉన్నాయి. మంగళవారానికి వాటిలో ఒక్కటీ లేచి నిలబడలేదు. కాళ్ళు పట్టుకుంటే తడిపిన గోధుమపిండిలా వంగిపోయాయట. ఈ పద్ధతి మనుషులకి పనికిరాదని డైరెక్టరు తేల్చేశాడు. నెలరోజుల్లో తొట్లన్నీ ఖాళీ చేసి పగడాలని నాశనం చేయమన్నాడు. ఆయన తెలిసినంతలో అది సరైన నిర్ణయమే. కాగితాల్లో ఉన్నవి ఇరవై రెండు ఎలుకలే. ఇరవై మూడో ప్రాణి మా ఇంట్లో ఆరో తరగతి పాఠాలు చదువుకుంటోంది.

దుకాణంలో ఉన్నానన్నది మరిచి అప్ప మీద అరిచాను. ఎలుకల సంగతి తేలకముందే కన్నబిడ్డ ఒంట్లో పెట్టావా అన్నాను. "దాని ఏడుపు నువ్వూ విన్నావు కదరా," అని మాత్రం అంది. విన్నాను. మర్నాడే పని మొదలుపెట్టాను.

తొట్టి మా అమ్మ ఇంట్లోనే పెట్టాలనుకున్నాం. అప్ప ఉండే వాటా మూడో అంతస్తు. గాజుతో, రాళ్ళతో, నీళ్ళతో కలిపి నాలుగు టన్నుల బరువుని ఆ శ్లాబు మొయ్యదు. అమ్మది పేటలో పాత ఇల్లు, కింద నేలే; బావ ఓడెక్కిన నెలల్లో అప్పా ముత్తెమూ ఎక్కువగా ఉండేదీ అక్కడే. ముందుగదిలో అమ్మ మంచం, బీరువా తీయించి, గచ్చు పగలగొట్టి అడుగు మందాన కాంక్రీటు పోయించాను. బొటనవేలంత మందం గాజు పలకలని మా చుట్టాలు ఎనిమిదిమంది పడవ మోసినట్టు మోసుకొచ్చారు. చల్లబరిచే యంత్రాలు రెండు, పంపులు రెండు, కరెంటు పోతే జనరేటరు. ఆ యంత్రాల్లో మామూలుగా రాగి చుట్ట ఉంటుంది. నేను టైటానియం చుట్ట ఉన్నవే కావాలని చెన్నై నుంచి తెప్పించాను. గొట్టాలు, బిగింపులు, ఆఖరికి మూత మేకులు కూడా ప్లాస్టిక్కే. అంత జాగ్రత్తగా నా జన్మలో ఏ తొట్టీ కట్టలేదు.

తీరం దగ్గర నీళ్ళలో ఓడల నూనె ఉంటుంది కనుక మా పెదనాన్న కొడుకు పడవ మీద ఇరవై మైళ్ళు లోపలికి వెళ్ళి పీపాలతో నీళ్ళు తెచ్చాం. ముత్తెం గోడకి ఆనుకుని కూర్చుని, ఏ రాయి ఎక్కడ పెట్టాలో నాకు హుకుం జారీ చేసేది. ఇందులో చేపలుండవా మావా అని అడిగింది. చేపలేమీ ఉండవు, నీ ఎముకల పుట్టిల్లు ఉంటుందన్నాను. అయితే దానికి పసుపూ కుంకుమా పెట్టాలంది, వాళ్ళ అమ్మమ్మ నేర్పినట్టే.

అమ్మ బాధ కూడా అదే. "కొత్త పడవైతే గంగమ్మకి ఎన్ని సేస్తాం. ఇల్లంత సంద్రాన్ని తెచ్చి పెడతన్నావు, దీనికేటీ ఒద్దా?" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. గడప అవతల కొబ్బరికాయ కొట్టుకో, దీపం పెట్టుకో, నీళ్ళలో మాత్రం చిటికెడు పసుపు పడినా ఒప్పుకోనన్నాను. ఎందుకో ఏమిటో వివరించలేదు. వివరించే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. సరేలేరా అంది అమ్మ. అమ్మ అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఇరవయ్యో రోజుకి కూడా నీళ్ళు సగమే పండాయి. అప్ప ప్రయోగశాల తొట్టిలోని ఇసక, రాళ్ళు బస్తాల్లో తెచ్చి వేసింది. వాటిలో క్రిములు నిండుగా ఉంటాయి కనుక పని త్వరపడింది. ముప్పయ్యో రోజు ఉదయం పుచ్చకాయంత తల్లి పగడాన్ని ఉప్పునీటి తొట్టెలో పెట్టుకుని ఆటోలో వచ్చాం. దారిలో ఒక గుంతలో ఆటో ఎత్తేసింది. ఇంటికి రాగానే ముత్తెం, ఇందాక మోకాళ్ళలో చక్కిలిగింతలు పెట్టినట్టయిందని చెప్పింది. నేనూ అప్పా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

తర్వాత ఏడు నెలలు మా ఇంట్లో అంత మంచికాలం ఎప్పుడూ లేదు. పగడం కొత్త కొమ్మలు వేసింది. దసరాకి ముత్తెం కర్ర లేకుండా నడిచింది. కార్తీకంలో సముద్రం దాకా నడిచి వెళ్ళి, అలని చూసి వెనక్కి పది అడుగులు పరిగెత్తింది. దాని జీవితంలో అదే మొదటి పరుగు. ఓడలో ఉన్న బావ ఆ వీడియోని తోటివాళ్ళందరికీ చూపించాడట. రోజూ పొద్దున్న అమ్మ నువ్వులనూనె వెచ్చబెట్టి, తొట్టి ముందు కూర్చుని దాని కాళ్ళకి రాసేది. రాస్తూ మధ్యమధ్యలో తొట్టికి దణ్ణం పెట్టుకునేది. నేను వేళాకోళం చేసేవాణ్ణి.

మాఘంలో పగడం అంచున గోరంత తెల్లబారింది.

మొదట వెలుతురు ఎక్కువైందనుకుని దీపాలు తగ్గించాను. నీళ్ళలో ఉప్పు చూశాను, వేడి చూశాను, సున్నం చూశాను, మలినం చూశాను. అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. తెలుపు అరచేతంత అయింది. ముత్తెం కాళ్ళు బరువుగా ఉన్నాయంది. అప్పుడే అప్ప, రాగి పరీక్ష చేశావా అని అడిగింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ మాట నన్ను అడగవలసిన మాటేనా? ఊళ్ళో ప్రతివాడికీ రాగి, రాగి అని చెప్పి విసిగించేవాణ్ణి నేను. మేకులు కూడా ప్లాస్టిక్కువి వేశాను.

"నేను కట్టిన తొట్టిలో రాగా?" అన్నాను. "నీ పగడానికే ఏదో రోగం అప్పా. ముందు అది చూసుకో."

అప్ప నమ్మింది. పగడాల గురించి తనకి తెలిసినంతగా తొట్ల గురించి నాకు తెలుసని ఆమెకి చిన్నప్పటి నుంచీ నమ్మకం. రోగాలకి మందులు వెతుకుతూ పుస్తకాల్లో పడిపోయింది. అలా తొమ్మిది రోజులు గడిచాయి. రాగి పరీక్ష సీసా నా దుకాణంలో చేతికందే పెట్టెలోనే ఉంది. చేయడానికి అయిదు నిమిషాలు పడుతుంది.

పదో రోజు పొద్దున్న ముత్తెం మంచం మీద నుంచి లేవలేకపోయింది. అప్ప నన్ను అడగలేదు. నా దుకాణానికి తానే వెళ్ళి ఆ సీసా తెచ్చి, తొట్టిలో నీళ్ళు పరీక్ష గొట్టంలోకి తీసి, చుక్కలు వేసింది. నీళ్ళు నీలంగా మారాయి, అంటే రాగి ఉంది. ఆ గొట్టాన్ని నా చేతిలో పెట్టి పిల్ల దగ్గరికి వెళ్ళింది. శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. నాతో పాటు ఆ పిల్లని కూడా పడేశాను.

అమ్మ చేపల బజారుకి వెళ్ళి ఉంది. నేను నీళ్ళు సగం తోడించి, చేతులతో ఇసక తవ్వాను. తల్లి పగడం కూర్చున్న పెద్ద రాయి కింద ఒక పసుపు గుడ్డ మూట తగిలింది. విప్పితే చిల్లు కాణీలు, పాతకాలం రాగివి, ఇన్నాళ్ళూ ఇసక కింద కొద్దికొద్దిగా కరుగుతూ, పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. లెక్కపెట్టాను. పదకొండు.

చూసిన క్షణంలోనే అర్థమైంది. మా వాళ్ళు కొత్త పడవలో తెరచాప కొయ్య నిలబెట్టే ముందు దాని కింద నాణెం పెడతారు. ఎవరూ చూడకుండా పెట్టాలి, పెట్టినవాళ్ళు చెప్పకూడదు. చెబితే ఫలం పోతుంది. మా నాన్న పడవకి కూడా అమ్మే పెట్టింది. ఇక్కడ నీళ్ళు పొయ్యకముందే, ఇసక పరిచిన రోజే, విరిగిన ఒక్కొక్క ఎముకకీ ఒక్కొక్క కాణీ లెక్కన ముడుపు కట్టి పెట్టింది.

"అమ్మమ్మ పెట్టింది మావా," అంది మంచం మీద నుంచి ముత్తెం. "నా మోకాళ్ళకి తాకించి పెట్టింది."

మరి ఇన్నాళ్ళూ మేము వెతుకుతుంటే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

"ఎవరికైనా చెప్తే నా కాళ్ళు మళ్ళీ విరుగుతాయంది."

అప్ప మొహం తిప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

తల్లి పగడం అయిదు రోజుల్లో చచ్చిపోయింది. అప్ప దాని మీద ఇంకా రంగున్న చోటల్లా చెక్కి ముక్కలు తీసి, కొత్త నీళ్ళ సీసాల్లో వేసింది. పద్నాలుగు ముక్కల్లో ఒక్కటి బతికింది, బొటనవేలంతది. ఆసుపత్రిలో ముత్తెం ఎడమ కాలు తొడ దగ్గర తీసేశారు. అందులో ఇక నిలబెట్టడానికి ఏమీ మిగల్లేదని డాక్టరమ్మ చెప్పింది. కుడి తొడలో అమర్చిన ముక్క మాత్రం సగం కరిగి ఆగింది. సీసాలో ఆ బొటనవేలంత ప్రాణం ఉన్నంతకాలం అది ఆగుతుందని అప్ప లెక్క వేసింది. ఆసుపత్రి కాగితాలతో అంతా బయటపడి అప్ప ఉద్యోగం పోయింది. డాక్టరమ్మ మీద విచారణ జరుగుతోంది. అప్ప వాటికి బాధపడడం నేను చూడలేదు. ఆమె రోజంతా ఆ సీసా ముందే కూర్చుంటుంది.

అమ్మకి చెప్పకూడదనుకున్నాం. చెబితే ఆ ముసలి ప్రాణం నిలవదనుకున్నాం. పంపు పాడైందని, తప్పు నాదేనని చెప్పాను. అమ్మ నన్ను నానా మాటలూ అంది. ఊరందరి తొట్లూ చూసుకునే ధ్యాస మేనకోడలి తొట్టి మీద లేకపోయిందా అంది. నోరెత్తకుండా పడ్డాను. నిజం చెప్పాలంటే ఆ తిట్లు తింటుంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

ముత్తెం ఇంటికొచ్చాక, అదే గదిలో అదే కాంక్రీటు మీద చిన్న తొట్టి కట్టడం మొదలుపెట్టాను. నాలుగు వందల లీటర్లది. గాజు అతికి ఆరిన రోజు, ఇసక పరుస్తూ ఉండగా అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొంగు ముడి విప్పి పసుపు గుడ్డ మూట తీసింది.

"సెప్పకూడదు గానీ సెప్తన్నాను పోలిగా. ఆ తొట్టిలో గంగమ్మకి ముడుపేసినాను. అదుండబట్టే గుంట పానం దక్కినాది, కాలుతో పోయినాది." మూట నా ముందు పెట్టింది. "ఈపాలి పన్నెండున్నాయి. నాకు సెయ్యి వణుకుతోంది. నువ్వే ఆ ఇసక కింద పెట్టు."

మూట తీసుకున్నాను. ఇప్పుడు జేబులో వేసుకుని, పెట్టానని చెబితే సరిపోయేది. పంపు అబద్ధానికి ఇంకో అబద్ధం తోడయ్యేది. కానీ రేపు ముత్తెం కాలు నొప్పి అంటే అమ్మ ఊరుకోదు. ఇరుగుపొరుగుని అడిగి ఇంకో కాణీ సంపాదిస్తుంది, నేను లేని పూట తీసుకొచ్చి వేస్తుంది. దయతలచి దాచితే మిగిలిన కాలు కూడా పోతుంది.

"అమ్మా, రాగి తగిలితే ఆ పగడం చచ్చిపోతుంది," అన్నాను. "పంపు పాడవలేదు."

అమ్మ నా మొహంలోకి చూసింది, తర్వాత మూట వంక చూసింది. నేను ఏదేదో చెబుతూ పోయాను, నీకు తెలియక చేశావని, మేము ముందే చెప్పి ఉండవలసిందని. విన్నదో లేదో తెలియదు. చివరికి ఒక్క మాట అడిగింది.

"ముత్తేనికి తెల్సా?"

తెలుసన్నాను.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. నాన్న నాటి రాగి బిందె, తాను రోజూ నీళ్ళు తాగే చెంబు, దేవుడి దగ్గరి ఉద్ధరిణి అన్నీ గోనెసంచిలో వేసింది. వాతానికని ముప్పై ఏళ్ళుగా వేసుకున్న రాగి ఉంగరం వేలికి బిగుసుకుపోయి ఉంది. సబ్బు రాసి, తోలు లేచిపోతున్నా లాగి తీసింది. పన్నెండు కాణీల మూట కూడా నా చేతిలోంచి తీసుకుని అందులోనే వేసి, సంచి మోసుకుంటూ వెళ్ళి పాత సామాన్లవాడికి ఊరికే ఇచ్చేసి వచ్చింది.

మర్నాడు పొద్దున్న ముత్తెం గోడకి ఆనుకుని, ఉన్న ఒక్క కాలూ చాపి, అమ్మమ్మా నూనె అని పిలిచింది. అమ్మ నూనె వెచ్చబెట్టి గిన్నె తెచ్చింది. గడప దగ్గరే ఆగి గిన్నె నాకు అందించింది.

"నువ్వు రాయరా. నా సేతులు మంచివి కావు."

అమ్మమ్మే రాయాలని ముత్తెం మారాం చేసింది. తర్వాత బతిమాలింది. తనకి కోపం లేదని కూడా చెప్పింది. అమ్మ గడప దాటలేదు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా దాని ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. గుమ్మం అవతల కూర్చుని చూస్తుంది, అంతే.

రోజూ నేనే రాస్తున్నాను. తాను అడిగిన రోజే ఆ పరీక్ష చేసి ఉంటే తెలుపు అరచేతంత దగ్గరే ఆగేదని, రెండు కాళ్ళూ దక్కేవని అప్ప ఒకసారి నెమ్మదిగా చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు. ఆ తొమ్మిది రోజుల సంగతి అమ్మకి నేను ఇంకా చెప్పలేదు.